కిటికీ వెనక పదకొండు అడుగుల గట్టు

నేను ఎవరినీ ఒక పట్టాన నమ్మను. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న జబ్బు చెప్పుకుంటున్నాను. పాతికేళ్ళు బస్సు కండక్టరుగా తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య తిరిగినదాన్ని. టికెట్ తియ్యనివాడు ఎలా కూచుంటాడో, ఎటు చూస్తాడో నాకు తెలుసు. కిటికీలోంచి వరిచేలు మరీ శ్రద్ధగా చూస్తున్నాడంటే అనుమానించాల్సిందే. అడక్కముందే నవ్వాడంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. పిల్లవాడికి ఇంకా నాలుగేళ్ళేనండి అని తల్లి అంటే, నేను తల్లిని వదిలేసి వాణ్ణే అడిగేదాన్ని, "ఏ క్లాసు నాన్నా?" అని. "సెకండ్ క్లాసు!" అని వాడు గర్వంగా చెప్పేవాడు. రిటైరయ్యాక కూడా నాకు ఆ చూపు పోలేదు. పాలవాడినైనా, గ్యాసు తెచ్చేవాడినైనా, ఇంటికొచ్చిన చుట్టాన్నయినా అదే చూపు చూస్తాను. "నువ్వు దేవుడొచ్చినా టికెట్ అడుగుతావే" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. మాట ఉన్నన్నాళ్ళూ చేశారు.

మా ఆయన కాలువ మీద లస్కరు. గట్ల వెంట సైకిల్ మీద తిరుగుతూ, ఎక్కడ గండి పడేలా ఉందో కనిపెట్టి పైవాళ్ళకి చెప్పే ఉద్యోగం అది. నేను మనుషుల్ని చూసినట్టు ఆయన గట్లని చూసేవారు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట కూడా పోయింది. మనిషికి అన్నీ తెలుస్తాయి, పైకి మాత్రం ఒక్క ముక్క రాదు. ఎడంచేత్తో రాయిద్దామని పలక ఇస్తే గీతలు తప్ప అక్షరం కుదర్లేదు. విసుగొచ్చి పలక విసిరేశారు.

చివరికి మాకు అక్కరకొచ్చింది నా బస్సు గంటే. బస్సులో కండక్టరు ఒక్కసారి గంట కొడితే ఆపు, రెండుసార్లు కొడితే పోనీ. ఇది ఇంట్లో మాకు పెళ్ళయిన కొత్తల్నుంచీ ఉన్న సరదా. నేను మరీ వాగుతుంటే ఆయన గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొట్టేవారు, ఇక ఆపమని. వంట బాగుంటే రెండు. మాట పోయిన కొన్ని నెలలకి ఒకరోజు నేనే, "అన్నం చాలా?" అని అడిగి, "చాలితే ఒకటి కొట్టండి, ఇంకా కావాలంటే రెండు" అన్నాను. ఎడంచేతి ఉంగరంతో మంచం ఇనప పట్టీ మీద ఠంగుమని ఒక్కటి కొట్టారు. అప్పట్నుంచీ మా కాపురం అంతా ఆ రెండు దెబ్బల మీదే నడుస్తోంది. ఆగమంటే ఒకటి, సరేనంటే రెండు. కాకపోతే అందులో ఒక చిక్కుంది. అడిగినదానికే ఆయన జవాబు చెప్పగలరు. అడగనిది చెప్పలేరు.

ఇక ఇల్లు. భట్టిప్రోలు దాటి రేపల్లె వైపు వెళ్ళే రోడ్డుకి కొంచెం లోపల, ఒకే సర్వే నంబరులో ఎనిమిది కుటుంబాల వాళ్ళం ఎనిమిది ముక్కలు కొనుక్కున్నాం. ముక్కకి వెనక భాగంలో ఇల్లు, ముందు బాట, బాటకి అవతల తలా కాస్త వరిచేను. బాట పక్కన చేలకి నీళ్ళు తెచ్చే పంట బోదె. ఇళ్ళ వెనక మాత్రం మొదట్లో ఏమీ లేదు, బీడు. మేం ఇల్లు కట్టిన మూడో ఏడు అక్కడ చెరువు లేచింది.

లేచింది అనే అనాలి, ఎందుకంటే అది తవ్విన చెరువు కాదు. కాస్త మట్టి తీసి, ఆ మట్టితోనే చుట్టూ పదకొండు అడుగుల గట్టు పోసి, నేల మీద నీళ్ళు నిలబెట్టిన చెరువు. నాకు వరసకు మరిదయ్యే అతను కట్టాడు. ఇంకా కిందికి, సముద్రం వైపు, అతనికి రొయ్యల చెరువులున్నాయి. ఎండాకాలం కాలువలు కట్టేస్తే మా వైపు భూమిలో నీళ్ళు ఉప్పు తిరిగిపోతాయి. అందుకని కాలువ పారినన్నాళ్ళూ మంచినీళ్ళు తోడి ఇందులో నిలవ చేసుకుంటాడు. గట్టు ఖాళీగా ఎందుకని అందరూ చేసే పనే తనూ చేశాడు, వరసగా కొబ్బరి మొక్కలు పెట్టాడు. అవి పెరిగి మా పెరట్లో నీడ కూడా పడేది. మా పడకగది వెనక కిటికీకీ గట్టు అడుగుకీ మధ్య ముప్ఫై అడుగులు. అంటే, చెరువులో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు మా మంచం కంటే, మా కిటికీ కంటే, నిలబడితే నా నెత్తి కంటే కూడా ఎత్తున ఉంటాయి. ఆయన కాళ్ళు ఆడినన్నాళ్ళూ నేను ఆ లెక్క వేసుకోలేదు. మంచాన పడ్డాక రోజూ అదే తలుచుకునేదాన్ని. గట్టు తెగితే నేను పరిగెత్తగలను. ఆయన ఎలా?

ఆయనకి జబ్బు చేసిన నెల తిరక్కుండా ఒకటి జరిగింది. అప్పుడు దాన్ని నేను పట్టించుకోలేదు. మా కిటికీకి ఎదురుగా గట్టు మీదున్న కొబ్బరిచెట్టుకి నెత్తిన ఉండే లేత మొవ్వులో పురుగు పడి ఎండిపోయింది. మరిది మనుషుల్ని పెట్టి కొట్టించాడు. చెట్టు కొడితే మొవ్వు చుట్టుపక్కల ఇళ్ళకి పంచడం మా వైపు మామూలే కదా. పురుగు తిన్నంత మేర తీసేసి, మిగిలిన తెల్లటి మొవ్వు ముక్కలు పళ్ళెంలో పెట్టి పంపాడు. కొడుతున్నంతసేపూ మా ఆయన మంచం మీద ఒకటే గొడవ. కిటికీ వైపు ఎడంచెయ్యి చాపుతారు, ఇనప పట్టీ మీద ఉంగరం కొడతారు, మళ్ళీ చాపుతారు. మొహం ఎర్రబడిపోయింది. పాపం, మొవ్వంటే ప్రాణం ఈయనకి, ఆగలేకపోతున్నారనుకుని నేను మెత్తటి ముక్క చూసి చేతిలో పెట్టాను. దాన్ని తీసి గోడకేసి కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. "చేసేవాళ్ళ మీదేగా మీ ప్రతాపం" అని గదిలోంచి వచ్చేశాను. పక్కింటావిడ కూడా, "జబ్బు మనుషులకి చిరాకెక్కువ అక్కా, పట్టించుకోకు" అంది. సరేనని నేను పట్టించుకోలేదు.

కిందటేడు ఆశ్వయుజంలో చెరువు నిండా నీళ్ళున్నాయి. పైన రెండు రోజులు ముసురు పట్టి వదిలింది. నేను పెరట్లో అంట్లు కడుక్కుని లోపలికొస్తే ఆయన ఉంగరం కొడుతున్నారు. కిటికీలోంచి చూస్తే గట్టు అడుగున, ఎండు గడ్డి మధ్య, చాపంత మేర తుంగ పచ్చగా లేచి ఉంది. "దాన్ని చూడమనా?" అంటే రెండు కొట్టారు. వెళ్ళి కాలు పెడితే మడమ దాకా దిగింది. నీళ్ళు కనబడటం లేదు, కానీ నేల కింద నుంచి ఊరుతున్నాయి.

ఆ సాయంత్రమే మరిదిని పిలిచి చూపించాను. చూడకముందే నవ్వాడు.

"డెల్టాలో ఉండి చెమ్మకి భయపడితే ఎట్టా వదినా? ఇక్కడ నేల ఎప్పుడు ఆరింది గనక!"

"పక్కన ఆరే ఉందిగా. ఈ చాపంత చోటే ఎందుకు తడిసింది?"

"నీకు అనుమానం వదినా. బస్సు దిగినా బుద్ధి దిగలా. నా దగ్గర కాగితం ఉంది, చూస్తావా?"

ఫోనులో చూపించాడు. ఎత్తు గట్లున్న సొంత చెరువులన్నీ ఇంజనీరుకి చూపించి, ప్రమాద స్థాయి రాయించి పెట్టమని ప్రభుత్వం వాళ్ళు అన్నారట. ఇతను తెనాలి ఇంజనీరు దగ్గర రాయించి బాపట్ల ఇరిగేషన్ ఆఫీసులో ఇచ్చాడు. కింద స్పష్టంగా ఉంది: ప్రమాద స్థాయి, తక్కువ. సంతకం, ముద్ర.

"చూశావుగా? చదువుకున్నోళ్ళు చూసి తక్కువన్నారు. నువ్వు పడుకో హాయిగా."

ఆ నవ్వు నాకు తెలుసు. పాసు డిపోలో మర్చిపోయానండి అనేవాడి నవ్వు అది. ఇంజనీరుకి చెయ్యి తడిపి ఉంటాడు, లేకపోతే ఆ ముద్ర దొంగముద్రయి ఉంటుంది, కనీసం చెరువు లోతు తగ్గించి చెప్పి ఉంటాడు. ఆ రాత్రంతా ఎన్ని రకాల మోసాలుంటాయో అన్నీ అతనికి అంటగట్టాను.

కానీ నిఘా పెట్టకుండా ఎవరి మీదా కేసు రాసేదాన్ని కాదు నేను. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు కాలువ గట్టు మీద మా ఆయన చేసే పనొకటి గుర్తొచ్చింది. గట్టు ఊటెక్కితే ఆయన గాజుగ్లాసులో ఆ నీళ్ళు పట్టి పక్కన పెట్టేవారు. "ఊట తేటగా ఉంటే గట్టు చెమటోడుస్తోందని. మట్టి దిగితే లోపల గట్టు తింటోందని" అని చెప్పేవారు. "గ్లాసు పెట్టి చూడనా?" అని అడిగాను. రెండు దెబ్బలు. అంత గట్టిగా ఆయన కొట్టి చాన్నాళ్ళయింది.

తుంగ మధ్య చిన్న గుంట చేసి, పాత రేకు ముక్క వంచి దోనెలా పెట్టి, కింద గ్లాసు ఉంచాను. తెల్లారి తెచ్చి కిటికీలో పెడితే ఇద్దరం దాన్నే చూస్తూ కాఫీ తాగేవాళ్ళం. చుట్టుపక్కల వాళ్ళకి నేను వేళాకోళమైపోయాను. "కండక్టరమ్మ చెరువుకి టికెట్ కొడుతోంది" అనేవారు. మూడు రోజులు నీళ్ళు తేటగా ఉన్నాయి. నాలుగో రోజు అడుగున బియ్యం కడిగిన నీళ్ళు తేరుకున్నట్టు సన్నటి మడ్డి కనబడింది.

అప్పుడు కూడా నేను గట్టుని అనుమానించలేదు, పక్కింటి బాతుల్ని అనుమానించాను. అవి గుంటలో కాళ్ళు పెట్టి ఉంటాయని గంప బోర్లించి, పైన ఇటుక పెట్టాను. మర్నాడు మడ్డి ఇంకాస్త ఎక్కువ. ఈసారి మరిది మీదకి పోయింది నా అనుమానం, నన్ను పిచ్చిదాన్ని చేయడానికి వాడే మట్టి కలుపుతున్నాడని. ఇటుక మీద ముగ్గుపిండి చల్లి ఉంచాను. పిండి చెదరలేదు, మడ్డి మాత్రం పెరిగింది. గ్లాసు తీసుకెళ్ళి ఆయన కళ్ళ ముందు పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, ఒక్క దెబ్బ కొట్టారు. ఆపమని. లోపల గట్టు తింటోందన్నమాట.

పక్కింటావిడని ఆయన దగ్గర కూచోబెట్టి, మర్నాడు పొద్దున్నే బాపట్ల బస్సెక్కాను. ఇప్పుడు ఆడవాళ్ళకి ఉచితం కదా, ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకున్నాను. పర్సులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూచున్నా, నా అలవాటు అది. ఆఫీసులో గుమాస్తా మంచివాడే. ఫైలు తీశాడు. గ్లాసు సంగతంతా విన్నాడు.

"ఇది తక్కువ స్థాయిలో ఉందమ్మా. ముందు ఎక్కువ స్థాయివి తనిఖీ చెయ్యాలి. తక్కువవి వాటి వంతు వచ్చినప్పుడే."

"వంతు వచ్చేదాకా గట్టు ఆగుతుందా బాబూ?"

"స్థాయి మార్చమని రాసిస్తే ముందుకొస్తుందండి. అది రాసిన ఇంజనీరే మార్చాలి."

అక్కణ్ణుంచి రైలెక్కి తెనాలిలో దిగాను. కాలువ వంతెన దగ్గర మందుల షాపు పైన ఇంజనీరు గది. నలభై ఏళ్ళుంటాయి అతనికి. నేను మెట్లెక్కేటప్పుడే అడగాల్సినవన్నీ వరసలో పెట్టుకున్నాను. కూచోమన్నా కూచోలేదు.

"గ్లాసు పెట్టి చూశాను, ఊటలో మట్టి దిగుతోంది. గట్టు లోపల కుళ్ళిపోతుంటే తక్కువ ప్రమాదం అని ఎలా రాశారు సార్? చూసే రాశారా, చూడకుండా రాశారా?"

అతను కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలిగ్గా ఉండేది.

"అమ్మా, చాలామంది మీలాగే అనుకుంటారండి. తక్కువ అంటే గట్టు గట్టిదని కాదు. గట్టు బాగుందా లేదా అన్నది వేరే లెక్క. ఈ స్థాయి ఒక్కటే చెబుతుంది. ఆ గట్టు తెగితే కింద ఏం పోతుంది అని. కింద మనుషులుంటే ఎక్కువ. పొలాలే ఉంటే తక్కువ."

"మరి కింద మేం లేమా?"

అతను ఫైలు తిప్పి, ఒక కాగితం నా వైపు జరిపాడు. "ఆ సర్వే నంబరు మొత్తం వరి అని ఉందండి. ఇళ్ళు లేవు."

నాకు రక్తం నెత్తికెక్కింది. దొరికాడురా అనుకున్నాను, మరిదిని. దొంగకాగితం పెట్టాడు. "ఎవరు రాసిచ్చారు ఇది?" అని గట్టిగా అడిగాను. కింద మందుల షాపులో వాళ్ళు కూడా విని ఉంటారు.

"ఎవరూ విడిగా రాసివ్వలేదమ్మా. ఈ-పంట నమోదు. రైతులు ప్రతి పంటకీ వాళ్ళంతట వాళ్ళు చేయించుకునేదే."

ఎనిమిది పేర్లు. మూడోది నాది. పేరు పక్కన ఫోటో. నేను మా చేలో నిలబడి ఉన్నాను, మోకాలెత్తు వరి, వెనకాల కూడా వరే. ఎక్కడా ఇంటి చూరు కూడా పడలేదు.

పడలేదంటే ఎందుకు పడలేదో నాకంటే తెలిసినవాళ్ళెవరు? ప్రతి పంటకీ నమోదు చేసే ఉద్యోగిని టాబ్ పట్టుకుని వచ్చేది. మా ఎనిమిది కుటుంబాలదీ ఒకటే మాట, ముక్క మొత్తం వరి అని చెప్పాలని. అందులో ఇళ్ళున్నాయని రాయిస్తే ఇది ఊరైపోతుంది, పంట బోదె జాబితాలోంచి తీసేస్తారు, ఏటా పూడిక తియ్యరు, చేలకి వంతు నీళ్ళు రావు అని మా భయం. ఎవరు చెప్పారో తెలీదు. అందరం నమ్మాం. ఎవరినీ నమ్మని నేను కూడా నమ్మాను. ఆవిడ ఫోటో తీయబోతే నేనే అనేదాన్ని, "ఇటు తిరుగుతానుండమ్మా, ఇల్లు పడకుండా తియ్యి" అని. ఎన్ని పంటలకి అన్నానో! మా ఇంటిని, అందులో మంచం మీద ఉన్న మనిషిని, నా చేత్తో నేనే పటం బయటికి నెట్టేశాను.

అప్పుడు కూచున్నాను కుర్చీలో.

"మీరు వచ్చి చూశారా సార్, అసలు?" అని అడిగాను, ఈసారి మెల్లిగా.

"వచ్చానండి. ఇళ్ళు చూశాను. రికార్డులో లేవు గనక పశువుల కొట్టాలో, చేను కాపలాకి వేసుకున్నవో అనుకుని వదిలేశాను. తలుపు కొట్టి అడగాల్సింది. అది నా తప్పే."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"మనుషులు పడుకునే ఇల్లు ఒక్కటున్నా నేను తక్కువ అని రాయకూడదు. ఒక్కటి రికార్డులోకి ఎక్కించండి చాలు. నేను ఆ రోజే మార్చి పంపిస్తాను. మీరు చెప్పిన గ్లాసు సంగతి కూడా రాస్తాను. వాళ్ళు నీళ్ళు తగ్గించమని నోటీసిస్తారు."

తిరుగు రైల్లో నేను ఎవరి మొహమూ చూడలేదు. భట్టిప్రోలులో దిగడం కూడా మర్చిపోయేదాన్ని, ఎదురు సీటాయన, "మీ స్టేషను వచ్చిందమ్మగారూ" అంటే లేచాను. మోసం చేసినవాణ్ణి పట్టుకుంటే వచ్చే తృప్తి నాకు అలవాటు. పట్టుకున్నది నన్ను నేనే అయ్యేసరికి ఎటు చూడాలో తెలియలేదు.

మర్నాడు మిగిలిన ఏడు ఇళ్ళకీ తిరిగి సంగతి చెప్పాను. అందరూ కలిసి రాయిస్తే బాగుంటుందని నా ఆశ. పక్కింటావిడ భర్త నన్ను పైనుంచి కిందికి చూశాడు. అచ్చం నేను చూసినట్టే.

"బోదె పోతే మా చేలకి నీళ్ళు నువ్విస్తావా అక్కా? నీకు పింఛనొస్తది, ఎండినా నీకేం కాదు."

"నీళ్ళు మీదపడితే?"

"పదేళ్ళ బట్టీ పడలా, ఇప్పుడు పడతయ్యా? అసలు నీకూ మీ మరిదికీ మధ్య ఏంటి సంగతి? ఇళ్ళ స్థలాలైతే రేటు పెరుగుద్దని ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

పాతికేళ్ళు నేను జనాన్ని అలా చూశాను కదా, మనల్ని ఎవరన్నా అలా చూస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

కబురు తెలిసి మరిది వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"వదినా, ఇళ్ళు లేవని నేనెక్కడా చెప్పలా. ఇంజనీరు కింద ఏముందని అడిగితే, రికార్డు చూసుకోండన్నాను. రికార్డు మీరు రాయించుకున్నదే."

"నీకు మేం కనబడలేదా?"

"కనబడ్డారు. మీరే లేమని రాయించుకుంటే, నేనేంటి ఉన్నారని చెప్పేది?"

తిట్టాలనుకున్నాను. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

ఆ సాయంత్రం గ్లాసులో మడ్డి వేలి మందం ఉంది. ఆకాశం తూర్పున మూసుకొస్తోంది, సముద్రంలో వాయుగుండం అని ఫోన్లకి మెసేజులు. మా ఆయన్ని తెనాలిలో మా చెల్లెలింటికి తీసుకుపోదామని, "అంబులెన్సు పిలవనా?" అన్నాను. ఒకటి కొట్టారు. "మరి ఇల్లని రాయించెయ్యనా? మన చేనుకి నీళ్ళు పోవచ్చు. చుట్టుపక్కల వాళ్ళు మాట్లాడకపోవచ్చు." ఆయన ఆలోచించనన్నా ఆలోచించలేదు. ఠంగ్, ఠంగ్.

నమోదు చేసే ఉద్యోగినికి ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద వచ్చింది. అలవాటు ప్రకారం చేను వైపు నడిచింది.

"అటు కాదమ్మా. ఇల్లు పడేలా తియ్యి" అన్నాను.

"ఇల్లా? పోయినసారి మొత్తం వరి అన్నారు కదా పిన్నిగారూ?"

"అబద్ధం చెప్పాను. సర్వేయరుని పిలుస్తావో, సచివాలయంలో ఎవరికి చెబుతావో నీ ఇష్టం. ఇక్కడ ఇల్లుందని రాయి. ఇద్దరు మనుషులున్నారని రాయి. అందులో ఒకాయన నడవలేరని కూడా రాయి."

నడవలేరని రాసే గడి అందులో లేదట. అయినా ఆ అమ్మాయి వదిలెయ్యలేదు. మా ఆయన్ని చక్రాల కుర్చీలో వసారాలోకి తెమ్మంది. ఆయన పక్కన నన్ను నిలబెట్టి, ఇల్లూ వెనకాల గట్టూ రెండూ పడేలా బాట దాకా వెనక్కి నడిచి ఫోటో తీసింది. ఏడు ఇళ్ళ వాళ్ళూ వాకిళ్ళలో నిలబడి చూశారు. ఎవరూ పలకరించలేదు. మధ్యాహ్నానికల్లా సచివాలయం వాళ్ళు వచ్చి చూసి సంతకం పెట్టారు. ఆ కాగితం ఫోన్లో పంపిస్తే ఇంజనీరు మాట నిలబెట్టుకున్నాడు, అదే రోజు స్థాయి మార్చాడు. బాపట్ల నుంచి మరిదికి ఫోన్ వచ్చింది, సాయంత్రానికి అతను మోటార్లు పెట్టి చెరువు నీళ్ళు డ్రైనులోకి తోడించడం మొదలుపెట్టాడు. తిట్టుకుంటూనే తోడించాడు, నాకు వినబడేలాగానే. గాలివాన వచ్చింది, వెళ్ళింది. అప్పటికి చెరువులో నీళ్ళు సగానికి దిగాయి. గ్లాసులోకి చుక్క రావడం ఆగిపోయింది.

వాన వెలిశాక ఊట ఎక్కణ్ణుంచో చూద్దామని ఇంజనీరు దగ్గరుండి గట్టు తవ్వించాడు. పొక్లెయిన్ మా కిటికీకి ఎదురుగా, తుంగ లేచిన చోటికి సరిగ్గా పైన మొదలుపెట్టింది. రెండు బొచ్చెల మట్టి తియ్యగానే గడ్డి తీగల కింద కొబ్బరి మొద్దు బయటపడింది. అప్పటికి రెండేళ్ళ కిందట కొట్టిన చెట్టుది. పైన కొట్టేసి మొద్దూ వేళ్ళూ అలాగే వదిలేశారు. లోపల అవి కుళ్ళి మెత్తటి పీచైపోయాయి. ఆ పీచు వెంటే నీళ్ళు దారి చేసుకున్నాయి. ఇంజనీరు చొక్కా చెయ్యి పైకి మడిచి ఆ బొరియలో చెయ్యి పెట్టాడు. భుజం దాకా వెళ్ళింది. చెయ్యి తీసి, అరచేతిలో తడి మట్టి మరిదికి చూపించాడు. మరిది మొహం పాలిపోయింది. "నాకు తెలీదు వదినా, ఒట్టు. అందరం కొబ్బరిచెట్లు పెట్టుకుంటాంగా" అన్నాడు. నిజమే చెబుతున్నాడని తెలుస్తూనే ఉంది. అతని వెనక పక్కింటాయన నిలబడి, ఆ బొరియనీ తన ఇంటి గోడనీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ వారంలో వాళ్ళతో కలిపి మూడు ఇళ్ళ వాళ్ళు ఇల్లని రాయించుకున్నారు. మిగతావాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు. బోదె సంగతి వచ్చే పూడికతీతకి గానీ తెలియదు.

నేను ఇంట్లోకి పరిగెత్తాను, ఆయనకి చెబుదామని. చెప్పక్కర్లేదు. ఆయన కిటికీలోంచి ఆ మొద్దునే చూస్తున్నారు. ఆశ్చర్యం లేదు ఆ మొహంలో, ఎప్పుడో తెలిసిన సంగతి చూస్తున్నట్టు చూస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, చెట్టు కొట్టిన రోజు. కిటికీ వైపు చాచిన చెయ్యి. మంచం పట్టీ మీద ఉంగరం దెబ్బలు. ఆ రోజు వాటిని ఆత్రం అనుకున్నాను. ఇప్పుడు కూచుని మళ్ళీ విన్నాను వాటిని. ఒకటి. చెయ్యి చాపడం. మళ్ళీ ఒకటి. చెయ్యి చాపడం. మళ్ళీ ఒకటి. ఒక్కసారి కూడా రెండు కాదు.

పాతికేళ్ళు బస్సులో ఆ గంట కొట్టినదాన్ని. ఇంట్లో గిన్నె మీద విని నవ్వుకున్నదాన్ని. ఆ రోజు ఆయన, చెట్టు కొట్టి మొద్దూ వేళ్ళూ గట్టులో వదిలెయ్యొద్దని, ఆపు, ఆపు, ఆపు అని అరుస్తుంటే, నేను చేతిలో మొవ్వు ముక్క పెట్టాను.

"ఆ రోజు మీరు చెప్పింది ఇదేనా అండీ?" అని అడిగాను.

ఆయన ఎడంచెయ్యి ఎత్తారు. ఇనప పట్టీ మీద కాదు, నా చేతి మీద మెల్లిగా రెండుసార్లు తట్టారు.